సింధును ఓడించిన ఆ పిల్ల ఊరు ఏది? స్పెయిన్ ఆటగాళ్ల చరిత్ర, మన కోణంలో

పోస్టు కొంచెం పెద్దది. తీరిక దొరికినప్పుడు చదవండి, సగంలో మాత్రం ఆపొద్దు.

2016 ఆగస్టు 19 సాయంత్రం తెలుగు రాష్ట్రాల్లో టీవీ ఉన్న ప్రతి ఇల్లూ ఒకటే మ్యాచ్ చూసింది. రియో ఒలింపిక్స్, మహిళల బ్యాడ్మింటన్ ఫైనల్. మన పి.వి. సింధు మొదటి గేమ్ 21-19తో గెలిచింది. తర్వాత రెండు గేములూ 21-12, 21-15తో అవతలి పిల్ల లాగేసుకుంది. పాయింటు పాయింటుకూ గట్టిగా అరిచిన ఆ పిల్లను ఆ రోజు మనం ఎంత తిట్టుకున్నామో! గెలిచాక ఆమె కోర్టులోనే కూలబడి ఏడ్చింది. కింద పడ్డ ఆమె రాకెట్‌ను సింధే తీసి పక్కన పెట్టి, పోయి కౌగిలించుకుంది.

ఆ పిల్ల పేరు కరోలినా మారిన్. దేశం స్పెయిన్. ఆ రోజు తర్వాత ఆమె ఎవరో, ఎక్కడి నుంచి వచ్చిందో మనలో ఎందరు తెలుసుకున్నారు? పోటీ పరీక్షలకు చదివేటోళ్లు కూడా 'రియోలో స్వర్ణం - కరోలినా మారిన్' అని ఒక బిట్టు గుర్తుపెట్టుకుని వదిలేస్తారు. కానీ ఆమె కథ వెనక ఒక దేశం కథ ఉంది, ఆ దేశం కథలో మన కథకు దగ్గరగా ఉండే ముక్కలు చాలా ఉన్నాయి. ఒక ముక్క అయితే మన పక్కనే, అనంతపురంలో ఉంది. అక్కడి దాకా చివర్లో వస్తా.

ముందు ఒక సంగతి. స్పెయిన్ అనగానే ఫుట్‌బాల్, నాదల్, బార్సిలోనా అని గొప్పగా చెప్పుకుంటాం గానీ, వంద ఏళ్ల కింద ఆ దేశం ఆటల్లో చాలా వెనకబడి ఉండె. 1936లో హిట్లర్ బెర్లిన్‌లో ఒలింపిక్స్ పెడితే, దానికి నిరసనగా బార్సిలోనాలో 'ప్రజా ఒలింపిక్స్' పెడదామని కార్మిక సంఘాలు, వామపక్షాల వాళ్లు పూనుకున్నారు. జులై 19న మొదలు కావాలె. ఒకటి రెండు రోజుల ముందే సైన్యం తిరుగుబాటు చేసింది. ఆటలు ఆగిపోయాయి, అంతర్యుద్ధం మొదలైంది. పోటీలకని వచ్చిన విదేశీ ఆటగాళ్లలో కొందరు తిరిగి పోకుండా అక్కడే ఉండి తుపాకీ పట్టుకున్నారు. 1939లో యుద్ధం ముగిసి ఫ్రాంకో నియంత అయ్యాడు, 1975లో చనిపోయేదాకా ఏలాడు. యుద్ధం తర్వాత పదేళ్లకు పైగా ఆ దేశం ఆకలితో అల్లాడింది.

ఆ ఆకలి రోజుల్లోంచే ఇద్దరు బయటికొచ్చారు. ఒకడు ఫెదెరికో బహమోంతెస్, టొలెడో దగ్గరి పేద కుటుంబం. సైకిల్ కొనుక్కున్నది పందేల కోసం కాదు, రేషన్ కాలంలో దొంగచాటుగా సరుకులు మోసి నాలుగు పైసలు సంపాదించడానికి. కొండ దారుల్లో ఆ బరువులు మోసీ మోసీ కాళ్లకు బలం వచ్చింది. టూర్ ద ఫ్రాన్స్ అని ఫ్రాన్స్ దేశమంతా తిరిగే సైకిల్ పోటీ ఉంది కదా, 1959లో దాన్ని గెలిచిన మొదటి స్పెయిన్ మనిషి అతనే. కొండలెక్కడంలో ఆ పోటీలో ఆరుసార్లు మొదటివాడు. 1954లో ఒక కొండ మీదికి అందరికంటే ముందు చేరి, చక్రం పాడైతే జట్టు కారు వచ్చేదాకా నిలబడి ఐస్‌క్రీమ్ తిన్నాడంట. 'మనతో పోటీ లేదని గర్వంతో తిన్నాడు' అని లోకం చెప్పుకుంది. 2023లో 95 ఏళ్ల వయసులో పోయాడు.

రెండో మనిషి మనోలో సాంతానా. మాడ్రిడ్‌లో ఒక ఎలక్ట్రీషియన్ కొడుకు. యుద్ధంలో ఓడిన పక్షంలో ఉన్నందుకు తండ్రి జైలు పాలయ్యాడు. పిల్లోడు ధనవంతుల టెన్నిస్ క్లబ్బులో బంతులు ఏరే పనికి కుదిరాడు. బంతులేరేటోడు రాకెట్ పట్టడమంటే అప్పట్లో చిన్న మాట కాదు. మన దగ్గర దొరగారి గడీలో పని చేసే పిల్లోడు దొర కుర్చీలో కూర్చున్నట్టు. ఆ పిల్లోడే 1961లో, 1964లో ఫ్రెంచ్ ఓపెన్, 1965లో అమెరికా టైటిల్, 1966లో వింబుల్డన్ గెలిచాడు. ఈ రోజు నాదల్, అల్కరాజ్ అని మనం వింటున్న పేర్లకు దారి వేసింది ఇతనే.

అయితే ఇద్దరు ముగ్గురు మొనగాళ్లు పుట్టినంత మాత్రాన దేశం ఆటల దేశం కాదు. హాకీలో కొంత పట్టుండేది. 1980 మాస్కో ఒలింపిక్స్ ఫైనల్‌లో మన హాకీ జట్టు స్పెయిన్‌నే 4-3తో ఓడించి స్వర్ణం తెచ్చింది. హాకీలో మనకు అదే ఆఖరి స్వర్ణం. ఆ జట్టులో సిల్వానస్ డుంగ్‌డుంగ్ అనే ఆదివాసీ ఆటగాడు ఉన్నాడు, ఇప్పటి జార్ఖండ్‌లోని సిమ్‌డేగా మనిషి. మన పాఠాల్లో ఆ పేరు ఎక్కడన్నా కనిపించిందా మీకు? 2024 పారిస్‌లో మళ్లీ అదే స్పెయిన్‌ను 2-1తో ఓడించి మనోళ్లు కాంస్యం తెచ్చారు.

అసలు మలుపు 1992. ఆ ఏడు ఒలింపిక్స్ బార్సిలోనాలో జరిగాయి. అంతకు ముందు 1988 సియోల్‌లో స్పెయిన్‌కు వచ్చినవి మొత్తం 4 పతకాలు. బార్సిలోనాలో 22, అందులో 13 స్వర్ణాలు. నాలుగేళ్లలో అక్కడి జనం నీళ్లు మారాయా, రక్తం మారిందా? ఏమీ లేదు. 1988లో 'ఆదో' అని ఒక పథకం పెట్టారు. కంపెనీల దగ్గర డబ్బు పోగేసి, ఎంపిక చేసిన ఆటగాళ్లకు నెల నెలా భత్యం, మంచి కోచ్, ఉండటానికి తినటానికి ఏర్పాటు. పొద్దున కూలికి పోయి సాయంత్రం పరిగెత్తే బాధ తప్పింది. సొంత దేశంలో ఆడటం కూడా కలిసొచ్చింది, కాదనను. కానీ 'మా జాతికి పుట్టుకతోనే దమ్ము ఎక్కువ', 'అడివి బిడ్డలు కాబట్టి సహజంగానే పరిగెత్తుతారు' అనే మాటలు వింటే నాకు ఒళ్లు మండేది ఇందుకే. దమ్ము అన్ని చోట్లా ఉంటది. నెలకు ఇంత అని చేతిలో పడేది కొన్ని చోట్లే ఉంటది.

బార్సిలోనా గురించి ఇంకో ముక్క, ఇది మనకే ప్రత్యేకం. ఆ ఒలింపిక్స్ జ్యోతిని వెలిగించింది ఒక బాణం. ఆంతోనియో రెబోయో అనే విలుకాడు, చిన్నప్పుడు పోలియో వచ్చిన మనిషి, నిప్పు అంటించిన బాణాన్ని స్టేడియం మధ్యలోంచి వదిలితే అది పైన జ్యోతి పాత్ర మీదుగా పోయింది, మంట లేచింది. లోకమంతా నోరు తెరుచుకుని చూసింది. అదే ఒలింపిక్స్‌లో పురుషుల విలువిద్య జట్టు పోటీలో స్పెయిన్ స్వర్ణం గెలిచింది, ఎవరూ అనుకోనిది. ఆ మైదానంలోనే మన దేశం తరఫున లింబారాం కూడా ఉన్నాడు. రాజస్థాన్ ఉదయ్‌పూర్ జిల్లా గిరిజన బిడ్డ, వెదురు విల్లుతో పిట్టల్ని కొట్టిన పిల్లోడు. 1987లో సాయ్ వాళ్లు ప్రతిభ కోసం వెతుకుతుంటే దొరికాడు. మరుసటి ఏడే సియోల్ ఒలింపిక్స్‌కు పోయాడు. నల్లమలలో మన చెంచు పెద్దల చేతుల్లో ఉన్న విల్లు ఒలింపిక్స్ ఆట అని మన పిల్లలకు ఎవరన్నా చెప్పారా? పులుల అభయారణ్యం పేరుతో విల్లు పట్టుకుంటే కేసు అవుతదన్న భయం మాత్రం బాగా చెప్పారు.

ఇప్పుడు మారిన్ దగ్గరికి వద్దాం. 1993లో వెల్వాలో పుట్టింది. దక్షిణాన సముద్రం ఒడ్డు పట్టణం, రాజధానికి దూరం. చిన్నప్పుడు ఆమె నేర్చుకున్నది ఆట కాదు, ఫ్లమెంకో నాట్యం. ఎనిమిదేళ్లప్పుడు స్నేహితురాలి వెంట పోయి బ్యాడ్మింటన్ చూసింది, అంతే. మన దగ్గర గోపీచంద్ అకాడమీ ఉంది, సైనా ఉంది, సింధు ఉంది. అక్కడ బ్యాడ్మింటన్ అంటే ఏందో తెలిసినోళ్లే తక్కువ. 14 ఏళ్లకే తల్లిదండ్రుల్ని వదిలి మాడ్రిడ్ శిక్షణ కేంద్రానికి పోయింది. హాస్టల్ జీవితం. ఐదో తరగతిలోనే ట్రంకుపెట్టెతో గురుకులానికి పోయిన మన పిల్లలకు ఆ మొదటి రాత్రి ఎట్లుంటదో నేను చెప్పక్కర్లేదు. ఫెర్నాందో రీవాస్ అనే కోచ్ ఆమెను చెక్కాడు. 2014లో ప్రపంచ ఛాంపియన్. 2015లో మళ్లీ, ఈసారి ఫైనల్‌లో మన సైనాను ఓడించి. 2016లో రియో. మహిళల సింగిల్స్‌లో ఆసియా బయటి మనిషి ఒలింపిక్ స్వర్ణం గెలవడం అదే మొదలు. 2018లో మూడోసారి ప్రపంచ ఛాంపియన్, ఫైనల్‌లో మళ్లీ సింధే. ఇంకో విచిత్రం, అదే 2018 జనవరిలో బ్యాడ్మింటన్ లీగ్‌లో టైటిల్ గెలిచిన హైదరాబాద్ హంటర్స్ జట్టులో ఆడింది కూడా ఈమే. మనం తిట్టుకున్న పిల్లకు మన హైదరాబాదోళ్లే చప్పట్లు కొట్టారు.

తర్వాత కష్టాలు. 2019లో ఒక మోకాలు తెగింది. 2021లో రెండో మోకాలు, దాంతో టోక్యో ఒలింపిక్స్ పోయింది. మధ్యలో 2020లో తండ్రి చనిపోయాడు. అయినా లేచి వచ్చి 2024 పారిస్‌లో సెమీఫైనల్ దాకా చేరింది. మొదటి గేమ్ గెలిచి, రెండో గేమ్‌లో ముందంజలో ఉండగా మళ్లీ మోకాలు తిరిగింది. ఏడుస్తూ కోర్టు వదిలింది. ఆమె మీద ఆడిన చైనా అమ్మాయి హె బింగ్‌జియావో రజతం తీసుకునేటప్పుడు చేతిలో స్పెయిన్ జట్టు బ్యాడ్జీ పట్టుకుని నిలబడింది. రియోలో సింధు చేసిన పని, పారిస్‌లో ఈ అమ్మాయి చేసిన పని, రెండూ పక్కపక్కన పెట్టి చూడండి.

ఫ్లమెంకో అన్నాను కదా. ఆ పాట, ఆ నాట్యం పెరిగింది ఎక్కువగా 'హితానో'ల ఇళ్లలో. హితానోలంటే స్పెయిన్‌లోని రోమా సంచార జాతి. వాళ్ల పూర్వీకులు వందల ఏళ్ల కింద మన ఉత్తర భారతం నుంచి పోయినోళ్లని వాళ్ల భాషే చెప్తది. 15వ శతాబ్దంలో స్పెయిన్ చేరారు. 1749లో అక్కడి రాజు దేశంలోని హితానోలందర్నీ ఒకేసారి పట్టి నిర్బంధించమని ఆజ్ఞ ఇచ్చాడు. ఆడోళ్లను, మగోళ్లను విడదీసి వేల మందిని బంధించారు. మన దగ్గర 1871లో ఇంగ్లీషోడు తెచ్చిన నేరస్థ జాతుల చట్టం, దాని కింద ఎరుకలోళ్లు పడ్డ బాధ తెలిసినోళ్లకు ఇది కొత్త కథ కాదు. బంజారాలూ, రోమాలూ ఒకటే అని మన వాట్సాప్‌లో తిరిగే మాటలను గుడ్డిగా నమ్మమని నేను చెప్పను, అది వేరే చర్చ. కానీ సెవిల్లె దగ్గరి ఉత్రేరా అనే ఊళ్లో హితానో ఇంట్లో పుట్టిన హోసే ఆంతోనియో రెయెస్ పేరు మాత్రం గుర్తుపెట్టుకోండి. 2004లో ఇంగ్లండ్ ఆర్సెనల్‌కు పోయాడు. లీగ్ మొత్తం ఒక్క మ్యాచ్ ఓడకుండా గెలిచిన జట్టు అది. తర్వాత అట్లెటికో మాడ్రిడ్, సెవియ్యా జట్లతో యూరోపా లీగ్ ఐదుసార్లు. 2019లో కారు ప్రమాదంలో 35 ఏళ్లకే పోయాడు.

ఇప్పటి ఫుట్‌బాల్ గురించి మీకే నాకంటే ఎక్కువ తెలుసు. ఒక్కటే చెప్తా. 2024 యూరో ఫైనల్‌లో మొదటి గోల్ కొట్టిన నీకో విలియమ్స్ తల్లిదండ్రులు ఘనా నుంచి సహారా ఎడారిలో నడిచి వచ్చినోళ్లు. ఆ గోల్‌కు బంతి అందించిన లమీన్ యమాల్‌కు ముందు రోజే 17 నిండాయి, వలస కూలీలుండే రొకఫొందా అనే బస్తీ పిల్లోడు.

కొండలెక్కడంలో ఎదుర్నె పసబాన్ అని బాస్క్ ప్రాంతపు మహిళ ఉంది. 8,000 మీటర్లు దాటిన 14 శిఖరాలనూ 2010 నాటికి ఎక్కేసింది. 2004లో కె2 నుంచి దిగుతూ మంచుకు రెండు కాలివేళ్లు పోగొట్టుకుంది. ఆమె వెనక పర్వతారోహణ ఇంటింటి మాటగా ఉన్న సమాజం ఉంది. మన మాలావత్ పూర్ణ వెనక ఏముంది? నిజామాబాద్ జిల్లా పాకాల, కూలి చేసే అమ్మానాన్న, ఒక గురుకులం, ప్రాక్టీసుకు భువనగిరి బండ. 2014 మే 25న, 13 ఏళ్ల 11 నెలలప్పుడు, టిబెట్ వైపు నుంచి ఎవరెస్ట్ ఎక్కింది. ప్రపంచంలో అంత చిన్న వయసు ఆడపిల్ల అప్పటిదాకా ఎవరూ ఎక్కలేదు. 2022 నాటికి ఏడు ఖండాల శిఖరాలూ పూర్తి చేసింది. ఆనాడు ఆ గురుకులాల కార్యదర్శిగా ఉండి ఆమెను పంపించిన ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ మన అలంపూర్ మనిషే.

ఇక అనంతపురం. బార్సిలోనాలో 1920లో పుట్టిన విసెంతే ఫెర్రర్ కుర్రాడిగా ఆ అంతర్యుద్ధంలోనే ఓడిన పక్షాన పోరాడి, నిర్బంధ శిబిరం చూసిన మనిషి. తర్వాత జెసూట్ మతగురువుగా 1952లో ఇండియాకు వచ్చాడు. మహారాష్ట్రలో రైతులతో కలిసి బావులు తవ్వించే పని చేస్తుంటే అక్కడి పెద్దోళ్లకు నచ్చలేదు, 1968లో దేశం వదలమన్నారు. మరుసటి ఏడు తిరిగొచ్చి కరువు జిల్లా అనంతపురంలో దిగాడు. మతగురువు పని వదిలేసి, ఆన్ పెర్రీని పెళ్లి చేసుకుని, ఇద్దరూ కలిసి ఆర్.డి.టి. పెట్టారు. దళితులు, సుగాలీలు (మన దగ్గర లంబాడీలు అంటాం), వెనకబడినోళ్ల ఊళ్లలో బడులు, ఆసుపత్రులు, ఇండ్లు. తర్వాత నల్లమల చెంచు గూడేల్లోకి కూడా ఆ పని వచ్చింది. 2009లో ఆయన అనంతపురంలోనే కన్నుమూశాడు.

ఆ మరుసటి ఏడు, 2010 అక్టోబర్‌లో, రఫేల్ నాదల్ అనంతపురం వచ్చాడు. అప్పటికి అతను ప్రపంచ నంబర్ వన్. ఆర్.డి.టి. క్రీడాగ్రామంలో తన ఫౌండేషన్ తరఫున టెన్నిస్ బడి తెరిచాడు. టెన్నిస్ ఒక్కటే కాదు, అక్కడ ఇంగ్లీషు, కంప్యూటర్ కూడా చెప్తారు, పిల్లలకు తిండి కూడా పెడతారు. సాంతానా బంతులేరిన క్లబ్బులో పేదోడి పిల్లకు రాకెట్ దొరకలేదు. అనంతపురంలో కూలోళ్ల పిల్లలకు దొరికింది. నాదల్ 22 గ్రాండ్‌స్లామ్‌లు గెలిచి, వాటిలో 14 ఒక్క ఫ్రెంచ్ ఓపెన్‌లోనే గెలిచి, 2024 నవంబర్‌లో ఆట మానేశాడు.

తెలకపల్లి నుంచి అచ్చంపేట మీదుగా పోతే మన్ననూరులో చెంచుల ఐ.టి.డి.ఎ. ఉంది. కర్నూలు వైపు పోతే గుత్తి దాటాక అనంతపురం. మన గ్రూపులో బి.పి.ఎడ్. చేసినోళ్లు, గురుకులాల్లో పి.ఇ.టి.లుగా ఉన్న అన్నలు, అక్కలు ఉన్నారు కదా. మీ బడిలో విలువిద్య పరికరాలు ఉన్నాయా, ఉంటే ఎన్ని, పిల్లలు వాటిని ముడుతున్నారా లేక బీరువాలో ఉన్నాయా, కామెంట్లో రాయండి. ఐ.టి.డి.ఎ. దగ్గరికి పోయేటప్పుడు ఆ లెక్క చేతిలో ఉండాలె.

వచ్చే పోస్టు జైపాల్ సింగ్ ముండా మీద. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌కు మన హాకీ జట్టు కెప్టెన్‌గా పోయి, తర్వాత రాజ్యాంగ సభలో ఆదివాసీల తరఫున మాట్లాడిన మనిషి.