ఇస్పేటులో దాగిన కత్తి

పేకాటలో ఇస్పేటు ఆసు విసిరేవాళ్లలో ఎంతమందికి తాము విసిరింది కత్తి అని తెలుసు? ఇంగ్లీషు 'స్పేడ్'కు మన నాలుక ముందొక ఇకారం తగిలించింది, స్కూలును ఇస్కూలు చేసినట్టే. ఆ స్పేడ్ కూడా మట్టి తవ్వే పార కాదు. ఇటాలియన్‌లో కత్తులను 'స్పాదె' అంటారు. పేకముక్కకు ఆ పేరే అంటుకుంది.

జోస్యం చెప్పే టారో పేకలో మాత్రం కత్తి కత్తిగానే మిగిలింది. 15వ శతాబ్దపు ఉత్తర ఇటలీలో టారో కూడా ఆటే. జోస్యం 18వ శతాబ్దిలో ఫ్రాన్సులో వచ్చి చేరింది. మొత్తం 78 ముక్కల్లో 14 కత్తులవి. జోస్యులు వీటికి గాలి తత్వాన్ని అంటగట్టి ఆలోచన, మాట, తగవు అని అర్థం చెబుతారు. పదునైన బుద్ధికి వాళ్లకు కత్తి గుర్తొస్తే, కుశాగ్రబుద్ధి అన్న మనవాళ్లకు దర్భమొన గుర్తొచ్చింది!

1909లో పమేలా కోల్‌మన్ స్మిత్ గీసిన బొమ్మలే నేడు ఎక్కువగా కనిపిస్తాయి. మూడు కత్తుల ముక్కలో ఎర్రటి గుండెను మూడూ చీల్చుకుపోతుంటాయి, వెనక వాన. పది కత్తుల ముక్కలో బోర్లాపడ్డ మనిషి వీపున పదీ దిగి ఉంటాయి. ఒకటి చాలదా పాపం!

అయినా అది చావు ముక్క కాదు. ఆ ముక్క వేరే ఉంది, దాని సంఖ్య 13.