పద్యనాటక వేదికపై శ్రుతి ఆధారం: హార్మోనియం నుంచి కీబోర్డు ఆంప్లిఫయర్ వరకు - ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం: పద్యనాటకంలో వాద్యధ్వని ఇటు ప్రేక్షకునికీ, అటు పాడే నటునికీ చేరాలి. హార్మోనియం ఈ రెండు పనులనూ ఒకే పెట్టెతో నెరవేర్చింది. మైకుసెట్టు, ఎలక్ట్రానిక్ కీబోర్డు వచ్చిన తరువాత అవి విడిపోయాయి. సులువుగా మోసుకుపోగల కీబోర్డు ఆంప్లిఫయర్ ఎంపికను ఈ పరిణామ నేపథ్యంలో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: పద్యనాటకం, రాయలసీమ, హార్మోనియం, శ్రుతి, కీబోర్డు, ఆంప్లిఫయర్.

1. ఉపోద్ఘాతం

నందికొట్కూరు, ఆత్మకూరుల నడుమ ఉన్న జూపాడు బంగ్లా 2022 వరకు కర్నూలు జిల్లాలోను, ఆ తరువాత నంద్యాల జిల్లాలోను మండల కేంద్రం. ఈ సీమకు దక్షిణాన కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో 'కీచకవధ' ప్రదర్శనతో సురభి నాటక సమాజం పుట్టింది. పడమట బళ్లారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు 1887లో 'చిత్రనళీయం' ప్రదర్శించి, పద్యాన్ని రాగయుక్తంగా పాడే పద్ధతిని రంగస్థలంపై నిలబెట్టారు. ఆ రెండు కేంద్రాల ప్రభావ పరిధిలోని పల్లెల్లో తిరునాళ్లకు, జాతరలకు రాత్రంతా పౌరాణిక నాటకాలు ఆడించడం వాడుకగా స్థిరపడింది. ప్రదర్శన స్థలం ఆరుబయలు, వేదిక తాత్కాలికం, సమాజం వాహనంలో పట్టిన సామగ్రే దాని సర్వస్వం. వాద్యాల ఎంపికను నిర్ణయించినవి ఈ పరిస్థితులే.

2. మోసుకుపోగల శ్రుతి

పారిస్‌లో అలెగ్జాండర్ దెబెన్ 1842లో పేటెంటు పొందిన హార్మోనియం కాలితో తొక్కి వాయించే వాద్యం. 19వ శతాబ్ది ఉత్తరార్ధంలో కలకత్తా వాద్య నిర్మాతలు దానిని చేతితిత్తి గల చిన్న పెట్టెగా మలిచారు. పార్సీ, మరాఠీ నాటక సమాజాల ప్రభావంతో తెలుగు రంగస్థలానికి వచ్చిన తరువాత ఇక్కడ చేతి హార్మోనియంతో పాటు కాలి హార్మోనియం కూడా నిలిచింది. కాలు తిత్తిని నడిపితే రెండు చేతులూ స్వరాలకు దక్కుతాయి. వేదిక పక్కన కూర్చున్న హార్మోనిస్టు పద్యానికి ముందు శ్రుతి అందించి, రాగాలాపనను వెన్నంటి, నటుడు ఊపిరి తీసుకునే విరామాన్ని పూరించేవాడు.

స్థిరస్వరాల హార్మోనియం గమకాన్ని పలికించలేదన్న విమర్శ బలపడి, 1940లో ఆకాశవాణి దానిని నిషేధించింది. 1971లో పాక్షికంగా సడలించింది. సంగీతపరంగా ఆ విమర్శ సహేతుకమే. అయినా నాటక సమాజాలు హార్మోనియాన్ని విడువలేదు. గమకం నటుని గొంతులో ఉంది. అతనికి వాద్యం నుంచి కావలసినది తడబడని శ్రుతి.

3. మైకుసెట్టు తెచ్చిన మార్పు

ఆరుబయట దూరం రెట్టింపైనప్పుడల్లా ధ్వని సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. మైకు లేని కాలంలో చివరి వరుసకు మాట చేరాలంటే నటుడు హెచ్చు శ్రుతిలో పాడక తప్పలేదు. తారస్థాయి గాత్రం కేవలం అభిరుచి కాదు, వృత్తి అవసరం. బ్యాటరీతోనూ పనిచేసే ఆంప్లిఫయర్లు, హారన్ స్పీకర్లు కరెంటు లేని పల్లెలకు కూడా చేరాక ఆ ఒత్తిడి తగ్గింది. అయితే పద్యం పాడే నటుడు మైకు ముందుకు వచ్చి నిలబడవలసి రావడంతో, ఆంగికాభినయానికి కొత్త కట్టుబాటు ఏర్పడింది.

4. విడిపోయిన ధ్వని

1980లో కాసియో సంస్థ 'కాసియోటోన్ 201'ను విడుదల చేసింది. ఆ దశాబ్దంలో తేలికపాటి కీబోర్డులు సామాన్య కళాకారులకు అందుబాటులోకి రాసాగాయి. నటుడు మారితే శ్రుతిని ఒక మీటతో మార్చుకోవచ్చు. వేణువు, వీణ, వయొలిన్‌ల ధ్వనులు ఒకే పలకలో దొరుకుతాయి. కానీ హార్మోనియం ధ్వని పుట్టేచోటనే వినిపిస్తుంది; కీబోర్డు ధ్వని స్పీకరు ఉన్నచోట వినిపిస్తుంది. ఆ స్పీకర్లు జనం వైపు తిరిగి, నటునికి 34 మీటర్ల దూరంలో ఉంటే, స్వరం అతనిని చేరడానికి సెకనులో పదోవంతు పడుతుంది. ఆలస్యంగా, అస్పష్టంగా వినిపించే ఆధారంపై పాడే గొంతు శ్రుతి తప్పే ప్రమాదముంది. ఆ తప్పును ప్రేక్షకుడు నటునికే ఆపాదిస్తాడు.

5. ఎంపిక ప్రమాణాలు

కాబట్టి కీబోర్డు ఆంప్లిఫయర్ తొలి కర్తవ్యం హార్మోనియం వలె నటుని చెంత పలకడం. దీని నుంచి నాలుగు ప్రమాణాలు ఏర్పడతాయి.

మొదటిది, స్వరవిస్తృతి. గిటారు ఆంప్లిఫయర్ స్పీకరు సాధారణంగా 5 కిలోహెర్ట్జ్ పైన బలహీనపడుతుంది. 61 మెట్ల కీబోర్డు అడుగు స్వరం సుమారు 65 హెర్ట్జ్. మంద్రం నుంచి తారం వరకు సమంగా పలికించేదే తగినది.

రెండవది, శక్తి. వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్సే. వినికిడి రెట్టింపు కాదు. పెద్ద పెట్టెను మోయడం కన్నా చిన్నదానిని నటునికి దగ్గరగా, కాస్త ఎత్తున ఉంచడం మేలు.

మూడవది, మైకుసెట్టుకు కలిపే లైన్ అవుట్. ప్రేక్షకులకు వినిపించే బాధ్యత మైకుసెట్టుది.

నాలుగవది, బ్యాటరీ. రోలాండ్ సంస్థ 'కేసీ-110' నమూనా 30 వాట్లతో, ఎనిమిది పెన్ బ్యాటరీలతో పనిచేసేలా రూపొందింది. పద్యం మధ్యలో కరెంటు పోయినా శ్రుతి నిలవాలన్న అవసరానికి ఇటువంటి నిర్మాణం సరిపోతుంది. అయితే నాటకం తెల్లవారే దాకా సాగేదైతే మారుబ్యాటరీలు వెంట ఉండాలి.

6. ముగింపు

కాలి హార్మోనియం స్థానంలో కీబోర్డు రావడాన్ని వాద్యమార్పిడిగా మాత్రమే చూస్తే, దానితోపాటు తొలగిపోయిన సామీప్యం గుర్తుకు రాదు. ప్రేక్షకునికి ఎంత బిగ్గరగా వినిపిస్తుందన్నది ఒక్కటే కొలత అయితే నటుడు తన ఆధారాన్ని కోల్పోతాడు. జూపాడు బంగ్లా వంటి ప్రాంతాల జాతర వేదికపై పద్యనాటకం నిలవాలంటే, ఆంప్లిఫయర్‌ను ముందుగా నటుడు నిలబడే చోటు నుంచి విని ఎంచుకోవలసి ఉంటుంది.