వయనాటి బంగారు కంపెనీలు

2007లో చిక్కబళ్ళాపురము ప్రత్యేక జిల్లాగా ఏర్పడువరకు మన గుడిబండె కోలారు జిల్లాలోనిదే. కావున కోలారు బంగారము పేరు మన యిండ్లలో తరతరములుగా వినవచ్చుచున్నది. ఆ గని ఫలింపకమునుపు, బంగారము పేరు చెప్పి లండనులో వాటాలమ్మినవారి కథ మాత్రము మనవారు అంతగా చెప్పుకొనరు. దానినే యిచట విన్నవింపదలచితిమి.

ఆస్ట్రేలియాలో పేరొందిన బ్రౌ స్మిత్ అను నిపుణుడు వయనాడు గనులను పరీక్షించి 1880లో ప్రభుత్వమునకు ఆశాజనకమైన నివేదిక సమర్పించెను. అంతట లండనులో 30కి పైగా కంపెనీలు లేచినవి. వాని ప్రకటిత మూలధనము 40 లక్షల పౌండ్లను మించెను. కాఫీ తోటలు బంగారు భూములుగా మారి పెద్ద ధరలకు అమ్ముడుపోయినవి. వాటాదారుల సొమ్ములో పెద్దభాగము భూమి అమ్మినవారికిని, కంపెనీ లేవదీసినవారికిని చేరెను. త్రవ్వుటకు మిగిలినది స్వల్పము. రాతిలో బంగారము ఆశించినంత లేదు. కొన్ని యేండ్లలోనే కంపెనీలు చాలవరకు మూతపడినవి.

ఇందు గమనింపవలసినది కూలి చెల్లు వేళ. గనిలోని నిజము బయటపడుటకు ఏండ్లు పట్టును. పొగడినవానికి మాత్రము వాటా అమ్ముడైననాడే సొమ్ము ముట్టును. అట్టివాడు అబద్ధమే ఆడనక్కరలేదు. తనకు అనుకూలమైనది గట్టిగా పలికి, తక్కినదానిని విడిచిన చాలును.

కోలారు సంగతి మరియొక తీరు. 1875లో మైకేల్ లావెల్ పొందిన అనుమతితో ఆరంభమైన ఆ ప్రయత్నమున, 1880లో ఏర్పడిన మైసూరు కంపెనీ తన ధనమును దాదాపుగా ఖర్చు చేసెను. మిగిలినది 13,000 పౌండ్లు. దానిని పంచుకొందమని కొందరు వాటాదారులు పట్టుపట్టగా, జాన్ టేలర్ సంస్థవారు త్రవ్వకము సాగింపుడని ఒప్పించిరి. పిమ్మట ఛాంపియన్ రీఫ్ దొరికెను. టేలర్ వారును ప్రతిఫలము పుచ్చుకొన్నవారే! కాని వారి రాబడి గని నడచుటపై ఆధారపడినది. అయినను తమ సలహా ఫలించునని నాడు వారికిని నిశ్చయముగా తెలియదు. గెలిచిన కోలారును జూపి వయనాటివంటి వానిని నమ్మించుట సులభమని మా యభిప్రాయము.

ఇంగ్లండులో 1900 నాటి కంపెనీల చట్టము, భూమి అమ్మినవారికిని ప్రమోటర్లకును ఎంత ముట్టుచున్నదో వాటాల ప్రకటనలోనే తెలుపవలెనని విధించెను. మన దేశమున సెబీ 2024లో, నమోదులేని సలహాదారులతో బ్రోకర్లు మొదలగువారు సంబంధము పెట్టుకొనరాదని నిషేధించెను. ఇన్నేండ్లకును రోగము పాతదే. లండను పత్రికకు బదులు చేతిలోని ఫోను.

మొన్న ఒక పెండ్లిలో బంధువొకడు ఫోను చూపి, ఒక చిన్న కంపెనీ వాటా ఆరునెలలలో నాలుగింతలగునని, బాగేపల్లి వారెందరో కొన్నారని మమ్ము తొందరపెట్టెను. “నాయనా, ఇది చెప్పినవానికి ఎవరెంత ఇచ్చిరి? వాడు తన వాటాలను ఇంకను ఉంచుకొన్నాడా, అమ్మివేసినాడా?” అని అడిగితిమి. అతడు కొంతసేపు ఫోను వెదకి, భోజనమునకు పిలుచుచున్నారని లేచిపోయెను.