నంబర్ ప్లేట్ మీద కులం, బండి మీద జై భీం: బోథ్ యువత తెలుసుకోవాల్సిన సంగతులు

నంబర్ ప్లేట్ ప్రభుత్వం ఇచ్చే గుర్తు. కోటీశ్వరుడి కారుకైనా, కూలికి పోయే మనిషి నడిపే టీవీఎస్ ఎక్స్ఎల్‌కైనా నియమం ఒక్కటే. కానీ మన రోడ్ల మీద ప్లేట్లు ఒక్క తీరుగా కనిపించవు. ఒక కారుకు లక్షలు పెట్టి కొన్న నంబర్ ఉంటుంది. ఇంకో బండికి నంబర్ కన్నా పెద్ద అక్షరాల్లో కులం పేరు ఉంటుంది. మరో బండి వెనుక నీలి రంగులో జై భీం ఉంటుంది. ఈ మూడింటినీ కలిపి ‘కుర్రకారు మోజు’ అని కొట్టిపారేస్తుంటారు. ఈ మూడూ ఒకటి కావు. వాటి మధ్య తేడా ఏమిటో, చట్టం దేన్ని ఒప్పుకుంటుందో, దేన్ని ఒప్పుకోదో ఒక్కచోట చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

బోథ్‌ను దృష్టిలో పెట్టుకొని రాయడానికి కారణం ఉంది. ఇది మహారాష్ట్రకు ఆనుకొని ఉన్న ప్రాంతం. అవతల కిన్వట్, ఇవతల బోథ్. ఆదిలాబాద్ జిల్లా బండ్లూ, నాందేడ్ జిల్లా ఎంహెచ్ 26 బండ్లూ ఇవే రోడ్ల మీద తిరుగుతాయి. ఎస్టీ రిజర్వుడు నియోజకవర్గం. ఆదివాసులతో పాటు మాల, మాదిగ, నేతకాని, మహార్, మాంగ్ కులాల ప్రజలున్న జిల్లా. దీక్షాభూమి ఉన్న నాగపూర్‌కు 44వ నంబర్ జాతీయ రహదారి ఇటు నుంచే పోతుంది. అంబేద్కర్ పేరు మహారాష్ట్ర నుంచి ఎంత సులువుగా మన దాకా వచ్చిందో, ఆ పేరు మీద పగ కూడా అంతే సులువుగా సరిహద్దు దాటి వస్తుంది.

ప్లేట్ చెప్పే చరిత్ర

ఉమ్మడి రాష్ట్రంలో ఆదిలాబాద్ కోడ్ ఏపీ 01, కరీంనగర్ కోడ్ ఏపీ 15. 2014లో తెలంగాణ వచ్చాక ఆదిలాబాద్ టీఎస్ 01, కరీంనగర్ టీఎస్ 02 అయ్యాయి. 2016 అక్టోబర్‌లో జిల్లాలను విడదీసినప్పుడు నిర్మల్‌కు 18, మంచిర్యాలకు 19, కొమురం భీం ఆసిఫాబాద్‌కు 20, జగిత్యాలకు 21, పెద్దపల్లికి 22, సిరిసిల్లకు 23 వచ్చాయి. 2024 మార్చి 15 నుంచి కొత్త బండ్లకు టీఎస్ పోయి టీజీ వచ్చింది.

ఈ టీజీ వెనుక ఒక కథ ఉంది. తెలంగాణ ఉద్యమం ఉధృతంగా నడిచిన రోజుల్లో వేల మంది తమ బండ్ల మీద ఏపీ అక్షరాలు చెరిపేసి టీజీ అని రాసుకున్నారు. చట్టం ప్రకారం అది తప్పే. రాష్ట్రమే లేనప్పుడు రాష్ట్ర కోడ్ ఎక్కడిది? అయినా జనం దాన్ని నేరంగా చూడలేదు, ఆత్మగౌరవంగా చూశారు. చివరికి ప్రభుత్వమే ఆ అక్షరాలను అధికారిక కోడ్ చేసింది. ప్లేట్ మీద రాత రాజకీయమేనని తెలంగాణలో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. ఎవరి రాజకీయం గౌరవం అవుతుంది, ఎవరిది గొడవ అవుతుంది అన్నదే మనం అడగాల్సిన ప్రశ్న.

మోజులు ఎన్ని రకాలు

మొదటిది ఫ్యాన్సీ నంబర్. రవాణా శాఖ కొన్ని నంబర్లకు కనీస ఫీజు పెట్టి, పోటీ ఉంటే వేలం వేస్తుంది. మన దగ్గర అన్నిటికన్నా గిరాకీ 9999కు. 2021లో సినీ నటుడు జూనియర్ ఎన్టీఆర్ తన కారుకు ఈ నంబర్ కోసం 17 లక్షలు పెట్టారు. 2024లో హైదరాబాద్‌లో టీజీ 09 సిరీస్ 9999 వేలంలో 25 లక్షలు దాటింది. కేరళలో 2025 ఏప్రిల్‌లో 0007 నంబర్ దాదాపు 46 లక్షలకు పోయింది. దుబాయ్‌లో 2023లో పీ 7 అనే ప్లేట్ 5.5 కోట్ల దిర్హమ్‌లకు పోయింది. ఇది పూర్తిగా చట్టబద్ధమైన మోజు. డబ్బున్నవాళ్లకు రాజ్యమే అమ్మే హోదా. అంకెలన్నీ కూడితే ఎంత వస్తుందని ‘టోటల్’ చూసుకునే జ్యోతిష్యం మోజు కూడా దీని పక్కనే నడుస్తుంది.

రెండోది అంకెలను అక్షరాలుగా మలచడం. 8055ను ఇంగ్లిష్‌లో ‘బాస్’ అని చదివించేలా, 4141ను దేవనాగరిలో ‘దాదా’ అని చదివించేలా వంచి రాస్తారు. మహారాష్ట్రలో పుట్టిన ఈ తీరు సరిహద్దు ఊళ్లకు తేలిగ్గానే వస్తుంది. రేడియం షాపులో పావుగంట పని. చట్టం మాత్రం ఒప్పుకోదు.

మూడోది హోదా మాటలు. ప్రెస్, పోలీస్, అడ్వకేట్, చైర్మన్, సర్పంచ్, ఎమ్మెల్యే తాలూకు. బండిని ఆపబోయే కానిస్టేబుల్‌కు ముందే ఇచ్చే హెచ్చరిక ఇది. పంజాబ్–హర్యానా హైకోర్టు 2020 జనవరిలో చండీగఢ్ ప్రాంతంలో ఇలాంటి రాతలన్నీ తీసేయమంది. అంతకుముందే, 2017 మే 1 నుంచి కేంద్రం మంత్రుల కార్ల మీది ఎర్రబుగ్గలు తీయించింది. రాష్ట్రపతి, గవర్నర్ల కార్లకు కూడా రిజిస్ట్రేషన్ నంబర్ కనిపించాల్సిందేనని 2018 జూలైలో ఢిల్లీ హైకోర్టు తేల్చింది. రాష్ట్రపతి కారుకే మినహాయింపు లేనప్పుడు ఊరి పెత్తందారు కారుకు ఎక్కడి మినహాయింపు?

నాలుగోది కులం పేరు. వెనుక అద్దం మీద, బంపర్ మీద, కొందరైతే నేరుగా ప్లేట్ మీదే రాసుకుంటారు. పెత్తందారీ కులం పేరు రోడ్డు మీద కనిపిస్తే దాని అర్థం ‘మాతో పెట్టుకోవద్దు’ అని.

చట్టం ఏం చెబుతుంది

కేంద్ర మోటారు వాహనాల నియమాలు 1989లో 50, 51 నియమాలు ప్లేట్ గురించే. అక్షరాలు ఇంగ్లిష్‌లో, అంకెలు 1, 2, 3 రూపంలో ఉండాలి. తెలుగు అంకెలైనా, దేవనాగరి అంకెలైనా చెల్లవు. సొంత బండికి తెల్ల ప్లేట్ మీద నల్ల అక్షరాలు. కిరాయికి తిప్పే బండికి పసుపు ప్లేట్ మీద నల్ల అక్షరాలు. కారుకు అక్షరం ఎత్తు 65 మిల్లీమీటర్లు, మందం 10. మోటార్ సైకిల్ ముందు ప్లేట్ మీద ఎత్తు 30. వెనుక ప్లేట్ మీద అక్షరాలు 35, అంకెలు 40 మిల్లీమీటర్లు. వంపులు తిప్పిన అక్షరాలకూ, బొమ్మలకూ, వేరే రాతలకూ ప్లేట్ మీద చోటు లేదు.

2019 ఏప్రిల్ 1 తర్వాత తయారైన ప్రతి బండికీ కంపెనీయే హై సెక్యూరిటీ ప్లేట్ ఇచ్చి పంపాలి. అల్యూమినియం రేకు, అశోక చక్రం హోలోగ్రామ్, ఐఎన్‌డీ అనే నీలి అక్షరాలు, లేజర్‌తో చెక్కిన గుర్తింపు సంఖ్య, విప్పితే పనికిరాకుండా పోయే లాక్ దీని లక్షణాలు. దీన్ని తీసేసి రేడియం ప్లేట్ పెట్టుకుంటే జరిమానా తప్పదు. రిజిస్ట్రేషన్ లేకుండా బండి నడిపితే 192వ సెక్షన్ కింద మొదటిసారి 5 వేల రూపాయల దాకా పడుతుంది. ప్లేట్‌ను మార్చిన బండ్ల మీద కూడా కొన్నిచోట్ల పోలీసులు ఈ సెక్షనే వాడుతున్నారు.

మా అభిప్రాయంలో ఒకే తీరు ప్లేట్ మనకు మేలే చేస్తుంది. దాడి చేసి పారిపోయే బండిని గుర్తుపట్టేది నంబర్‌తోనే. వంకర అక్షరాల ప్లేట్, నంబర్ లేని ప్లేట్ అక్కరకొచ్చేది దాడి చేసేవాడికి గానీ దెబ్బ తినేవాడికి కాదు.

కుల గర్వమూ జై భీమూ ఒకటేనా?

ఉత్తరప్రదేశ్‌లో 2020 డిసెంబర్‌లో కులం స్టిక్కర్ల మీద జరిమానాలు మొదలయ్యాయి. 2025 సెప్టెంబర్‌లో అలహాబాద్ హైకోర్టు తీర్పు తర్వాత ఆ ప్రభుత్వం వాహనాల మీద కులం పేర్లు, కులాన్ని పొగిడే రాతలు ఉండకూడదని ఉత్తర్వులిచ్చింది. పోలీసు రికార్డుల్లో కులం రాయొద్దనీ, కుల సభలు పెట్టొద్దనీ కూడా అందులో ఉంది. పైకి ఇది సమానత్వంగానే కనిపిస్తుంది. అమలు దగ్గరే చిక్కు. పెత్తందారీ కులం పేరున్న కారును ఆపే ధైర్యం కింది పోలీసుకు ఎంత ఉంటుంది? నీలి స్టిక్కరున్న స్ప్లెండర్‌ను ఆపడానికి ఎంత ధైర్యం కావాలి?

జై భీం కులం పేరు కాదు, పలకరింపు. ఏ కులంవాళ్లయినా అనొచ్చు. దాన్ని కులం స్టిక్కర్ కింద కట్టడమంటే అంబేద్కర్‌ను ఒక కులానికి కుదించడమే.

ఇక ‘మాదిగ’ అనే మాట సంగతి. 1994లో దండోరా ఉద్యమం మొదలయ్యాక వేల మంది తమ పేరు చివర మాదిగ అని రాసుకున్నారు. అంతకుముందు అది తిట్టు కింద వినిపించిన మాట. తిట్టును పేరుగా మార్చుకోవడం వేరు, అధికారాన్ని పేరుగా తగిలించుకోవడం వేరు. ఒకటి తల ఎత్తడం, ఇంకొకటి ఎదుటివాడి తల దించడం. నిషేధం రెండింటినీ ఒకే గాటన కడుతుంది. తెలంగాణలో ఇలాంటి ఉత్తర్వు వచ్చే రోజుకు ఈ వాదన మన దగ్గర సిద్ధంగా ఉండాలి.

అమెరికాలో ఇదే చర్చ కోర్టుకెక్కింది. నల్లజాతి బానిసత్వం కోసం యుద్ధం చేసిన కాన్ఫెడరేట్ల జెండాతో నంబర్ ప్లేట్ కావాలని టెక్సాస్‌లో ఒక సంఘం అడిగింది. ప్లేట్ మీది మాట ప్రభుత్వం మాటే గనక నిరాకరించే హక్కు దానికి ఉందని 2015లో సుప్రీంకోర్టు 5–4 మెజారిటీతో తీర్పు చెప్పింది. ఇంకోవైపు వాషింగ్టన్ నగరం 2000 సంవత్సరం నుంచి తన ప్లేట్ల మీద, పన్ను కడుతున్నా తమకు పార్లమెంటులో ఓటు లేదన్న నిరసనను అధికారికంగా అచ్చు వేస్తోంది. ప్లేట్ మీద ఏ మాట చెల్లాలన్నది అక్కడా రాజకీయ నిర్ణయమే.

బండి ఎక్కడమే నేరమైన చోట

మనకు స్టిక్కర్ కన్నా ముందు బండే సమస్య. అంబేద్కర్ చిన్నప్పుడు గోరేగావ్ పోతుంటే, పిల్లలు అంటరానివాళ్లని తెలిసి బండివాడు తోలనన్నాడు. రెట్టింపు కిరాయి తీసుకొని వాళ్లతోనే తోలించి, తాను పక్కన నడిచాడు. 1929లో చాలీస్‌గావ్‌లో టాంగావాళ్లు ఆయన్ని ఎక్కించుకోమన్నారు. టాంగా తోలడం రాని మనిషి తోలితే అది బోల్తాపడి ఆయన కాలు విరిగింది. ఈ రెండూ ఆయనే ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’లో రాసుకున్నారు. ఉత్తర తెలంగాణలో దొర గడి ముందు చెప్పులు చేతపట్టుకొని నడిచినవాళ్లు, సైకిల్ దిగి నడిపించుకుంటూ పోయినవాళ్లు మన తాతలే.

అది పాత కథ అనుకోవద్దు. 2015 మేలో షిర్డీలో అంబేద్కర్ పాట రింగ్‌టోన్‌గా మోగిందన్న గొడవలో ఒక దళిత యువకుడిని చంపారు. మనకు ఆనుకొని ఉన్న నాందేడ్ జిల్లా బోంఢార్ హవేలీలో 2023 జూన్ 1న ఒక యువకుడు హత్యకు గురయ్యాడు. ఊళ్లో అంబేద్కర్ జయంతి జరిపినందుకే చంపారని ఆ కుటుంబం ఆరోపించింది. రింగ్‌టోన్‌కు, జయంతికి ఇంత జరిగినప్పుడు బండి మీది జై భీం చిన్న విషయం కాదు.

అందుకే 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చిన ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక సవరణ చట్టం బండి మాటను పేరు పెట్టి మరీ రాసింది. సెక్షన్ 3(1)(జెడ్ఏ)(బీ) ప్రకారం ఎస్సీ, ఎస్టీలు బహిరంగ స్థలంలో సైకిల్ గానీ మోటార్ సైకిల్ గానీ ఎక్కకుండా, నడపకుండా అడ్డుకోవడం నేరం. చెప్పులు వేసుకోకుండా, కొత్త బట్టలు కట్టుకోకుండా, పెళ్లి ఊరేగింపు తీయకుండా అడ్డుకున్నా అదే సెక్షన్. దళితులు, ఆదివాసులు గౌరవించే వస్తువును ధ్వంసం చేసినా, అపవిత్రం చేసినా 3(1)(టీ) వర్తిస్తుంది. ఆ వస్తువుల్లో విగ్రహం, ఫొటో, చిత్రపటం కూడా ఉన్నాయని చట్టమే వివరణ ఇచ్చింది. వాళ్లు గౌరవించే దివంగత నాయకుడిని కించపరిస్తే 3(1)(వీ). వీటికి 6 నెలల నుంచి 5 ఏళ్ల దాకా జైలు, జరిమానా.

చేయాల్సినవి

ప్లేట్‌ను ముట్టుకోవద్దు. నంబర్ తప్ప అందులో ఏదీ రాయొద్దు. జై భీం గానీ, జల్ జంగల్ జమీన్ గానీ, కొమురం భీం బొమ్మ గానీ రాయాలంటే బండి మీద ప్లేట్‌ను కప్పని చోట రాయండి. ప్లేట్ సరిగ్గా ఉంటే ‘నంబర్ ప్లేట్ కేసు’ అనే సాకు ఎవరికీ దొరకదు.

పోలీసు ఆపితే పత్రాలు చూపించండి. చలానా రాస్తే ఏ సెక్షన్ కింద రాశారో చూసి, కాపీ భద్రపరచండి. స్టిక్కర్‌కు వేసిన జరిమానాను ప్లేట్ జరిమానాగా రాస్తే, ప్లేట్ ఫొటో అక్కడికక్కడే తీసి పెట్టుకోండి.

ఊళ్లో ఎవరైనా కులం పేరుతో తిట్టి స్టిక్కర్ చింపినా, బండి దిగమన్నా అత్యాచారాల చట్టం కింద ఫిర్యాదు చేయండి. 2018 సవరణతో వచ్చిన 18ఏ సెక్షన్ ప్రకారం ఎఫ్ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణ అక్కర్లేదు. దర్యాప్తు డీఎస్పీ స్థాయి అధికారి చేయాలి. ఫిర్యాదు తీసుకోకపోతే ఉద్యోగి నిర్లక్ష్యం మీద 4వ సెక్షన్ ఉంది. జాతీయ హెల్ప్‌లైన్ నంబర్ 14566.

9999 కొనే డబ్బు మనలో చాలామందికి లేదు, దాని అవసరమూ లేదు. గుర్తుపెట్టుకోవాల్సిన నంబర్లు మనకు వేరే ఉన్నాయి. అందులో 14566 ఒకటి. ఫోన్‌లో దాచుకోండి, పక్కవాళ్లకూ చెప్పండి.