బొటనవేలు, ఉంగరం, వెదురు బద్ద: ఖరిదా పరిసరాల నుంచి ఆసియా విలువిద్యపై ఒక పరిశీలన

సారాంశం

ఆసియాలో చాలాచోట్ల బిగువైన విల్లు లాగేవారు బొటనవేలికి ఉంగరం తొడిగేవారు. ఖరగ్‌పూర్‌కు పడమటనున్న సంతాల్ పల్లెల్లో మాత్రం బొటనవేలితో పనిలేకుండా బాణం వేసే పద్ధతి ఉంది. ఈ తేడాకు ఏకలవ్యుడి కథను కారణంగా చెప్పడం పరిపాటి. వింటి నిర్మాణం, నారి స్వభావం, వాతావరణం కలిపి చూస్తే తేడా ఇంకా బాగా తెలుస్తుందని ఈ వ్యాసం ప్రతిపాదన.

1. సమస్య

బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచి ఖరగ్‌పూర్‌లోని ఖరిదా, మథురాకాటీ పేటల్లో తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఉంటున్నాయి. వీరికి నన్నయ ఆదిపర్వం నుంచి వచ్చిన ఏకలవ్యుడు తెలుసు. ఊరు దాటి ఝార్‌గ్రామ్ వైపు వెళితే సంతాల్ పల్లెలు మొదలవుతాయి. అక్కడ సంక్రాంతి రోజుల్లో జరిగే సక్రాత్ పండుగలో ‘బేఝా’ అనే గురిపోటీ పెడతారు. చూపుడువేలు, మధ్యవేలు మధ్య బాణం పట్టి, బొటనవేలు పక్కకు పెట్టి వేసేవారు అందులో కనిపిస్తారు. ఏకలవ్యుడు మా వాడు, అతని మీద గౌరవంతోనే బొటనవేలు వాడమని వారిలో చాలామంది చెప్పుకుంటారు.

ఆ నమ్మకం వారి ఆత్మగౌరవానికి సంబంధించినది. దాన్ని కొట్టిపారేయడం ఈ వ్యాసం పని కాదు. అయితే కథ ఒక్కటే చేతి పట్టును నిర్ణయించగలదా అన్నది వేరే ప్రశ్న. దానికి జవాబు వెతకాలంటే బొటనవేలితో లాగే పద్ధతి ఎక్కడ, ఎందుకు నిలిచిందో ముందు చూడాలి.

2. ఉంగరం చేసే పని

నారి పట్టే పద్ధతులను మొదట వర్గీకరించినవాడు అమెరికన్ పండితుడు ఎడ్వర్డ్ మోర్స్. 1885లో వెలువడిన ఆయన వ్యాసంలోని విభజననే పరిశోధకులు నేటికీ వాడుతున్నారు. అందులో మూడు మనకు ముఖ్యం. బాణం తోకను బొటనవేలు, చూపుడువేలు నడుమ నొక్కిపట్టడం మొదటిది. రెండు మూడు వేళ్లను నారికి తగిలించి లాగే మధ్యధరా పట్టు రెండోది. బొటనవేలితో నారిని లాగి, చూపుడువేలిని దాని మీద తాళంలా వేసే మంగోల్ పట్టు మూడోది. ఉంగరం ఈ మూడో పట్టుకు చెందినది. అరబ్బీ విలువిద్యా గ్రంథాలు ఈ పట్టును ‘అరవై మూడు’ అంటాయి. వేళ్లతో లెక్కించే పాత పద్ధతిలో 63కు చెయ్యి ఇలాగే ముడుస్తారు.

ఉంగరాన్ని చేతిలోకి తీసుకుంటే దాని తయారీలోని తెలివి తెలుస్తుంది. రంధ్రం గుండ్రంగా ఉండదు, కోలగా ఉంటుంది. వేలికి అడ్డంగా ఎక్కించి పావు చుట్టు తిప్పితే బిగుస్తుంది, ఎంత లాగినా జారిపోదు. ఒక వైపు అంచు నాలుకలా సాగి వేలి మెత్తని కండను కప్పుతుంది. నారి ఆ నాలుకకు ఆనుతుంది. సన్నని తాడు ఒక్క గీత మీద మోపే బరువును ఉంగరం వేలంతా పంచుతుంది. చూపుడువేలు వదలగానే నారి నున్నని రాతి మీద నుంచి జారిపోతుంది. మెత్తని కండ మీద అది అంత సాఫీగా జారదు.

ఈ పట్టు అవసరం కురచ విల్లుతో వచ్చింది. కొమ్ము, కర్ర, స్నాయువు జిగురుతో అతికించి చేసిన విల్లు పొట్టిగా ఉన్నా ఎక్కువ దూరం లాగవచ్చు, గుర్రం మీద అటూ ఇటూ తిప్పవచ్చు. దాన్ని చెవి దాకా లాగినప్పుడు నారి చాలా ఇరుకైన కోణంలో మడతపడుతుంది. మూడు వేళ్లు పెడితే ఆ మడతలో నలిగిపోతాయి. బొటనవేలు ఒక్కటే అయితే తాకేది ఒక్క చోటే, నలుగుడు ఉండదు. చైనాలోని అన్యాంగ్‌లో 1976లో తవ్విన ఫూ హావో రాణి సమాధిలో జేడ్ ఉంగరం దొరికింది. ఆ సమాధి సుమారు క్రీ.పూ. 1200 నాటిది కాబట్టి ఈ ఉపాయం వయసు 3,000 ఏళ్లు దాటింది.

3. దక్కన్‌లో ఉంగరం

తెలుగు నేలకు ఈ ఉంగరం రాజాస్థానాల దారిన వచ్చినట్టు కనిపిస్తుంది. 15వ శతాబ్దంలో విజయనగరాన్ని ఏలిన రెండవ దేవరాయలు బహమనీల చేతిలో దెబ్బలు తిని, వారికి మేలైన గుర్రాలు, విలుకాండ్రు ఉండటమే కారణమని తేల్చుకున్నాడని చరిత్రకారుడు ఫెరిష్తా రాశాడు. దేవరాయలు ముస్లిం సైనికులను కొలువులోకి తీసుకుని, వారిచేత తన సైన్యానికి విలువిద్య నేర్పించాడంటాడు. ఫెరిష్తా రాసింది 17వ శతాబ్దం తొలినాళ్లలో, అదీ బీజాపూర్ కొలువులో. అందుకే అతని మాటలను యథాతథంగా తీసుకోనక్కరలేదు. అయినా 1439లో అహ్మద్ ఖాన్ హంపీలో కట్టించిన కట్టడం ఆ కొలువులో ముస్లిం సైనికాధికారులు ఉన్నారనడానికి శాసన సాక్ష్యం. నేర్పిన విద్యలో బొటనవేలి పట్టు కూడా ఉండి ఉంటుందన్నది నా ఊహ. ఆ సైనికులు వచ్చిన సంప్రదాయంలో అదే ప్రధాన పట్టు కావడం ఈ ఊహకు ఆధారం.

హైదరాబాద్‌లోని సాలార్‌జంగ్ మ్యూజియంలో షాజహాన్ బిరుదు, హిజ్రీ 1040 సంవత్సరం చెక్కిన జేడ్ ఉంగరం ఉంది. క్రీస్తు శకంలో అది 1630-31. ఇలాంటివి ఠీవికి గుర్తుగా నడుముకు కట్టుకునే నగలుగా కూడా మారాయి. ఉంగరం అధికార చిహ్నం కావాలంటే ముందు అది నిజమైన పనిముట్టయి ఉండాలి. కొలువులో దాని విలువ యుద్ధభూమి నుంచి వచ్చినదే.

4. వెదురు విల్లు వేరే దారి

అర్థశాస్త్రం తాటి, వెదురు, కర్ర, కొమ్ము అని నాలుగు రకాల విల్లులు చెబుతుంది. అంటే కొమ్ము విల్లు తెలిసిన నేల మీదే వెదురు విల్లూ బతికింది. జిగురుతో అతికిన విల్లుకు తేమ పడదు. వర్షాకాలంలో అది సడలుతుంది, కొన్నిసార్లు విచ్చుకుంటుంది. మనదేశంలో ఉక్కు విల్లులు తయారు కావడానికి ఇదొక కారణం. మేదినీపూర్ లాంటి తడి నేలలో అడవికి వెళ్లే మనిషికి వెదురును మించినది లేదు. దాన్ని కొనక్కరలేదు, తడిసినా నష్టం లేదు, విరిగితే సాయంత్రానికి ఇంకొకటి చేసుకోవచ్చు.

మధ్య, తూర్పు భారత ఆదివాసుల విల్లుల్లో చాలావాటికి నారి కూడా వెదురు బద్దే. బద్ద చదునుగా ఉంటుంది కాబట్టి బరువును తనే వేళ్ల మీద పరుస్తుంది. ఉంగరం చేసే పనిలో సగం ఇక్కడ నారే చేసేస్తోంది. విల్లు పొడవు ఎక్కువ కాబట్టి కోణం కూడా వేళ్లను నలిపేంత ఇరుకు కాదు. బొటనవేలు లేకపోయినా ఈ విల్లు చక్కగా పనిచేస్తుంది. కథ ఆ పట్టుకు అర్థం ఇచ్చింది, విల్లు దానికి వీలిచ్చింది.

మహాభారతంలోనూ ఆధారం ఇలాగే ఉంది. బొటనవేలు ఇచ్చాక ఏకలవ్యుడు మిగిలిన వేళ్లతో బాణం వేశాడు గాని మునుపటి వేగం రాలేదు. కవి దృష్టిలో బొటనవేలు వేగానికి ముఖ్యం, దాని బదులు వేరే పట్టు సాధ్యం. అయితే అంతకుముందు అతను పట్టినది మంగోల్ పట్టా, నొక్కిపట్టే పట్టా అన్నది కథను బట్టి తేల్చలేం. మహాభారత వీరులు తొడిగినవి ఉడుముతోలు అంగుళిత్రాణాలు. రాతి ఉంగరాన్ని ఆ కాలానికి అంటగట్టడం తొందరపాటు.

5. ఎదురు ఉదాహరణలు

బిగువైన విల్లు అనగానే ఉంగరం తప్పదనుకోవడం పొరపాటు. 1545లో మునిగిన ఇంగ్లండ్ ఓడ మేరీ రోజ్ నుంచి బయటపడిన విల్లుల బిగువును 100 నుంచి 185 పౌండ్లుగా అంచనా వేశారు. వాటిని లాగింది వేళ్లతోనే. ఆ విల్లులు మనిషంత పొడవున్నాయి కాబట్టి అది సాధ్యమైంది. అలాగని పొడవైన విల్లయితే బొటనవేలు అక్కరలేదని సూత్రీకరించలేం. జపాన్ విల్లు రెండు మీటర్లు దాటుతుంది, అయినా దాన్ని గట్టి తోలు చేతొడుగుతో బొటనవేలితోనే లాగుతారు. కురచ విల్లు ఆ పట్టుకు పుట్టుక ఇచ్చి ఉండవచ్చు. పట్టు ఒకసారి గురుపరంపరలో స్థిరపడ్డాక విల్లు మారినా నిలుస్తుంది. సంతాల్ పట్టు కూడా ఇలాగే నిలిచి ఉండవచ్చు.

6. నేటి సాక్ష్యం

2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ మూడు స్వర్ణాలు గెలిచింది కాంపౌండ్ విల్లుతో. ఆ విల్లు పొట్టిది, లాగినప్పుడు నారి ఇరుకైన కోణంలో మడతపడుతుంది. అందుకే వేళ్లతో లాగకుండా, చేతిలో పట్టుకునే చిన్న లోహ పరికరంతో నారిని ఒక్క చోట పట్టి వదులుతారు. జేడ్ ఉంగరం తీర్చిన ఇబ్బందినే ఇది తీరుస్తోంది. ఖరగ్‌పూర్ నుంచి రైలులో 134 కిలోమీటర్ల దూరాన జంషెడ్‌పూర్‌లో 1996 నుంచి టాటా ఆర్చరీ అకాడమీ నడుస్తోంది. అక్కడ నేర్పే ఒలింపిక్ పద్ధతి రికర్వ్ విల్లుకు వేళ్ల కింద తోలుముక్క పెట్టి మధ్యధరా పట్టే పడతారు. ఆ విల్లు పొడవుకు అది సరిపోతుంది.

7. ముగింపు

వేలి పట్టు వింటి పొడవు, నారి మందం, వాతావరణం, గురువు నేర్పిన అలవాటు కలిసి తేల్చే విషయం. మన మ్యూజియంలు ఉంగరాల మీది అక్షరాలను, రాయిని శ్రద్ధగా నమోదు చేస్తాయి. వాటితోపాటు రంధ్రం కొలత, నాలుక వాలు, నారి రాసిన అరుగుదల కూడా రాసిపెడితే, ఏది వాడిన ఉంగరమో ఏది కొలువు నగో తేలుతుంది. మేదినీపూర్ పల్లెల్లోని విల్లులకూ పొడవు, నారి, బిగువు కొలిచి నమోదు చేయాలి. రాజుల ఉంగరానికి దక్కిన కొలమానమే వెదురు బద్దకూ దక్కినప్పుడు ఏకలవ్యుడి కథ మీద చర్చకు గట్టి ఆధారం ఏర్పడుతుంది.