కీర్తిశేషులు కానివారు: తెలుగు పల్లెల్లో మృతుల స్మరణ - రూపాలు, పరిణామం

ఉపోద్ఘాతం

తెలుగులో మరణాన్ని చెప్పే మాటలు అనేకం. వైష్ణవుడు పరమపదిస్తాడు. వీరశైవుడు లింగైక్యం చెందుతాడు. క్రైస్తవుడు ప్రభువునందు నిద్రిస్తాడు. కలిగినవారు స్వర్గస్థులవుతారు. కూలిమనిషి మాత్రం పోతాడు. వీటన్నిటికంటె గౌరవవాచకంగా స్థిరపడిన మాట ‘కీర్తిశేషుడు’. కీర్తి మాత్రమే శేషంగా మిగిలినవాడని దాని అర్థం. దేహం నశించినా యశఃకాయం నిలుస్తుందనే ప్రాచీన భావన ఈ సమాసంలో ఇమిడి ఉంది. రాజులకు, కవులకు, దాతలకు ఈ మాట సరిపోయింది. ఊరికి మంత్రసానిగా, చెరువు నీరు వదిలే నీరటికాడిగా, పశువుల కాపరిగా బ్రతికి పోయినవారికి శేషమేమిటి? వారిని ఊరు ఏ రూపంలో, ఎంతకాలం గుర్తుంచుకుంది? ఆ గుర్తు ఎక్కడ నిలిచింది, ఎక్కడ చెరిగిపోయింది? ఈ ప్రశ్నల వెలుగులో తెలుగు పల్లెలలోని మృతస్మరణ రూపాలను చారిత్రకంగా పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం. సామాన్యుని జీవితకథను అన్నిటికంటె సమగ్రంగా చెప్పినది స్త్రీల శోకమని, సాహిత్యచరిత్ర తగినంత పట్టించుకోనిది కూడా దానినేనని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

శిలమీద నిలిచినవారు

పల్లెల్లో మృతుల స్మరణకు లభించే ప్రాచీన ఆధారాలలో వీరగల్లులు ముఖ్యమైనవి. రాయలసీమ ప్రాంతంలో ఇవి విస్తారంగా కనిపిస్తాయి. పశువులను తరలించుకుపోయే శత్రువుల నెదిరించి, లేదా ప్రభువు పక్షాన పోరాడి, నేలకొరిగిన యోధుల పేర ఇవి నిలిచాయి. అంతస్తులుగా చెక్కిన శిలల్లో సాధారణంగా కింద పోరాట దృశ్యం, దానిపైన వీరుణ్ణి దేవకాంతలు తోడ్కొనిపోయే దృశ్యం, అన్నిటికంటె పైన శివసాన్నిధ్యం ఉంటాయి. శిల వీరుని మరణాన్ని చెబుతుంది, జీవితాన్ని చెప్పదు. అతడు ఎలా చనిపోయాడన్నదే అతడు ఎవరన్నదానికి సమాధానం.

పల్నాటి వీరుల స్మరణ ఈ సంప్రదాయానికి మౌఖిక విస్తరణ. కారెంపూడిలో ఏటా కార్తికమాసంలో జరిగే ఉత్సవాలలో వీరవిద్యావంతులు ఆ గాథను గానం చేస్తారు. 12వ శతాబ్దినాటి మృతులు అక్కడ నేటికీ పేరుపేరునా స్మరణకు నోచుకుంటున్నారు. కథలో బ్రహ్మనాయుని వెంట కన్నమదాసు నిలవడం వల్ల అట్టడుగువారికి కూడా కొంత చోటు దక్కింది. అయితే ఆ చోటు యుద్ధంలో మరణించినందుకు దక్కినది. మంచంమీద మరణించినవాడికి శిల లేదు, గాథ లేదు.

వంశస్మరణ చేసే ఆశ్రిత కులాల విషయంలోనూ ఇటువంటి పరిమితియే ఉంది. పిచ్చుకుంట్లవారు రెడ్ల, కాపుల ఇండ్లకు వచ్చి గోత్రాలు, వంశక్రమాలు చెబుతారు. ఇది పోషకులున్న జ్ఞాపకం. ధాన్యం కొలిచే ఇంటి మృతులు వారి నోట నిలిచారు. కొలవలేని ఇంటివారికి ఆ అవకాశం లేకపోయింది. 19వ శతాబ్ది ఆరంభంలో కాలిన్ మెకంజీ సేకరింపజేసిన కైఫీయత్తులు గ్రామచరిత్రకు అమూల్యమైన ఆధారాలు. వాటిలోనూ ఆలయాలు, మాన్యాలు, మిరాశీలు, పాలకుల వరుసలు ప్రధానం. గ్రామస్థులు ఎక్కువగా హక్కుదారులుగానే అందులో ప్రవేశిస్తారు.

పెద్దలలో కలిసిపోవడం

శిలకు, వంశగానానికి వెలుపల ఉన్నవారికి మిగిలినది ఇంటి క్రతువు. శ్రాద్ధవిధిలో తండ్రి, తాత, ముత్తాత అనే మూడు తరాలవారినే పేర్లతో స్మరిస్తారు. ఆ పై తరాలవారు పేరు కోల్పోయి పితృగణంలో చేరతారు. శ్రాద్ధమంత్రాలు లేని కులాలలో ఇదే భావన ‘పెద్దలు’ అనే మాటలో వ్యక్తమవుతుంది. తెలంగాణలో భాద్రపద అమావాస్యనాడు పెత్రమాస. ఆనాడు పెద్దల పేర బియ్యం, పప్పు, కూరగాయలు ఇస్తారు. ఎంగిలిపూల బతుకమ్మ మొదలయ్యేది కూడా ఆ రోజే. పోయినవారికి బియ్యమిచ్చిన ఇంటనే సాయంత్రం పూలు పేర్చడం గమనింపదగినది. కోస్తా, ఉత్తరాంధ్ర ప్రాంతాల్లో సంక్రాంతికి పెద్దలకు కొత్తబట్టలు పెట్టుకుంటారు. ముస్లిం కుటుంబాలలో మూడవనాటి జియారత్, నలభయ్యవనాటి చాలీస్మా ఉన్నాయి. క్యాథలిక్ క్రైస్తవులు నవంబరు 2న సమాధులను శుభ్రంచేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. మతాలు వేరైనా కాలక్రమం మాత్రం ఒకే తీరున సాగుతుంది. మొదటి దినాలలో వ్యక్తి, ఏడాది తరువాత ఇంటి మృతుడు, కొన్ని తరాలకు పెద్దలలో ఒకడు.

ఈ క్రమంలో వ్యక్తి విశిష్టత బాగా నిలిచే ఘట్టం పిట్టకు పెట్టడం. శాస్త్రవిధి పిండాన్ని నిర్దేశిస్తే, ఆచారం మృతుని ఇష్టాన్ని అడుగుతుంది. విస్తరిలో అతనికి ప్రియమైన కూర ఉంటుంది. కొన్ని ఇండ్లలో కల్లు, మాంసం, చుట్ట, బీడీ, ఆకువక్క ఉంటాయి. కాకి ముట్టకపోతే తీరని కోరిక ఏదో ఉందని అక్కడున్నవారు తలచుకుంటారు. చిన్న కూతురి పెండ్లి చేస్తామని, అప్పు తీరుస్తామని, అన్నదమ్ములు కలిసి ఉంటామని ఒక్కొక్కరే మాట ఇస్తారు. కాకి ముట్టేవరకు సాగే ఈ ఊహల వరుస నిజానికి ఒక జీవితచరిత్ర. మృతుడు దేనికోసం తపించాడో పదిమంది నోట అక్కడ వినిపిస్తుంది. దానిని వ్రాసిపెట్టుకున్నవారు లేరు.

శోకం: జీవితకథన రూపం

మరణించినవారి జీవితాన్ని విస్తారంగా కథనం చేసే మౌఖిక రూపం శోకం. రాగాలు తీసి ఏడవడం, శోకాలు పెట్టడం అని దీనిని వ్యవహరిస్తారు. అత్తవారింటినుండి వచ్చే ఆడపడుచు ఊరి పొలిమేరలోనో, వీధి మొదటనో రాగం అందుకుంటుంది. మృతుణ్ణి ఎదుట ఉన్నవాడిగానే సంబోధిస్తుంది. సంబోధన, ప్రశ్న, స్మరణ, నింద అనే నాలుగు అంగాలు ఇందులో పెనవేసుకొని ఉంటాయి. ఎవరిమీద వదిలి పోయావని అడగడం ప్రశ్న. అతడు తవ్విన బావి, ఎక్కిన తాడిచెట్టు, తన పురుటికి బండి కట్టుకొని వచ్చిన రాత్రి గుర్తుచేయడం స్మరణ. వైద్యానికి డబ్బు సర్దనివారిని, పొలం పంపకంలో మోసం చేసినవారిని, ముసలితనంలో అన్నం పెట్టని కొడుకులను అందరి ఎదుట ఎత్తిచూపడం నింద. ఇతర సందర్భాలలో నోరెత్తడానికి వీలులేని ఆడపడుచుకు ఈ ఒక్క సందర్భంలో అడ్డు చెప్పేవారుండరు. అందువల్ల శోకం స్తుతికి పరిమితం కాదు, అది సాక్ష్యం కూడా.

శోకానికి మరొక లక్షణం ఉంది. ఒకరి శవం దగ్గర కూర్చున్న స్త్రీ అంతకుముందు పోయిన తన తల్లిని, బిడ్డను, భర్తను కూడా తలచుకొని ఏడుస్తుంది. కొత్తగా వచ్చిన ప్రతి స్త్రీని కౌగిలించుకొన్నప్పుడు రాగం మళ్లీ మొదలవుతుంది. ఈ విధంగా ఒక చావు ఊరి పాత చావులన్నిటినీ పైకి తెస్తుంది. ఊరి మృతుల పట్టిక ఏ కాగితం మీదా లేకపోయినా, ప్రతి చావింటా మరొకసారి పునశ్చరణకు వచ్చేది.

తెలుగు సాహిత్యచరిత్ర స్మృతికావ్యాన్ని ఆదరించింది. విశ్వనాథ సత్యనారాయణ తొలి భార్య మరణంపై చెప్పిన ‘వరలక్ష్మీ త్రిశతి’కి, నాయని సుబ్బారావు తల్లి స్మృతిలో రచించిన ‘మాతృగీతాలు’కు సముచిత స్థానం ఉంది. జానపద సాహిత్య పరిశోధన సైతం విస్తృతమైనది. బిరుదురాజు రామరాజు ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’ ఈ రంగానికి పునాది వేసింది. నేదునూరి గంగాధరం వంటివారు వేలాది గేయపంక్తులను సేకరించి ఇచ్చారు. అయినప్పటికీ లాలిపాటలకు, పెండ్లిపాటలకు, దంపుళ్లపాటలకు దక్కినంత స్థానం శోకానికి దక్కలేదు. దీనికి కారణం సేకర్తల ఉపేక్ష కాదు. పెండ్లి లేనిచోట పెండ్లిపాట పాడమంటే పాడతారు. చావు లేనిచోట శోకరాగం తీయడం అమంగళమని ఏ ఇల్లాలూ అంగీకరించదు. చావు ఉన్నచోట సేకర్త కాగితం తీయడం అమానుషం. అదీగాక శోకం ప్రతిసారీ కొత్తగా పుట్టి, ఆ వ్యక్తితోనే ముగుస్తుంది. దానికి పాఠాంతరాలుండవు, మళ్లీ పాడటం ఉండదు.

డప్పు చెప్పినది, చెప్పనిది

ఊరి స్మరణ అందరికీ సమానంగా అందినదని భావించడం పొరపాటు. చావుకబురు మోయడం, చావుకు డప్పు కొట్టడం తరతరాలుగా మాదిగలమీద వెట్టిగా రుద్దిన పనులు. ఊళ్లోని ప్రతి మరణాన్నీ చాటిన వాడలో మరణం సంభవిస్తే అది వాడ చావుగానే మిగిలింది, ఊరి చావుగా లెక్కకు రాలేదు. జాషువ ‘శ్మశానవాటి’ పద్యాలు మరణభూమిని అస్పృశ్యతకు తావులేని సమతాస్థలంగా దర్శించాయి. పల్లె వాస్తవం అందుకు భిన్నమైనది. పాతిపెట్టే స్థలాలు సైతం కులాలవారీగా విడివడి ఉన్నాయి. ఈ వైరుధ్యాన్ని ఎదుట పెట్టుకొని చదివినప్పుడు ఆ పద్యాలలోని సమత ఊరికి వేసిన ప్రశ్నగా వినిపిస్తుంది. మృతులను ఎవరు స్మరించారన్నదెంత ముఖ్యమో, ఎవరిచేత బలవంతంగా స్మరింపజేశారన్నదీ అంతే ముఖ్యం.

పట్టిక, కార్డు, ఫ్లెక్సీ

జనన మరణాల నమోదు చట్టం 1969లో వచ్చింది. నియమం ప్రకారం 21 రోజులలోగా మరణాన్ని తెలియజేయాలి. పేరు, వయసు, తేదీ, స్థలం, కారణం అనే గడులలో ప్రతి మరణానికీ ఒక వరుస లభించింది. కులంతో, కలిమితో నిమిత్తం లేకుండా ప్రతి పౌరునికి పేరు దక్కే అవకాశాన్ని కల్పించడం ఈ పట్టిక ఘనత. ఆ పేరుగల మనిషి ఎలా బ్రతికాడన్నది దాని పని కాదు.

అచ్చుయంత్రం అందుబాటులోకి వచ్చాక కర్మ ఆహ్వానపత్రికలు పల్లెలకు వ్యాపించాయి. అయితే అశుభవార్త తెచ్చిన కాగితాన్ని ఇంట ఉంచుకోరాదన్నది ఆచారం. చావుకబురు ఉత్తరాన్ని చదివిన వెంటనే చించివేసేవారు. కర్మపత్రికకూ అదే గతి. పసుపు పూసిన శుభలేఖలు పెట్టెలో దాగితే, ఇవి పొయ్యిలోకో చెత్తలోకో పోయాయి. సామాన్యుని పేరు అచ్చయిన ఏకైక కాగితాన్ని ఆచారమే ధ్వంసం చేసిందని చెప్పవచ్చు.

2000 తరువాత ఫ్లెక్సీ ఈ నిషేధాన్ని దాటింది. ఇంట ఉండరాదన్న చావుకబురు నాలుగురోడ్ల కూడలికి ఎక్కింది. గుర్తింపు కార్డులోని చిన్న ఫోటో నిలువెత్తు బొమ్మగా మారింది. ఒకప్పుడు గోడమీద ఫోటో కూడా లేనివారికి ఇది దక్కిన గౌరవమే. వాడలో కట్టిన ఫ్లెక్సీకి సామాజిక ప్రాధాన్యం ఉంది. కాని అందులోని భాష ఒక్కటే. ‘అశ్రునయనాలతో’, ‘మీ ఆత్మకు శాంతి చేకూరాలని’ వంటి పదబంధాలలో పేరు మార్చితే చాలు, ఎవరికైనా సరిపోతుంది. శోకంలో మాట్లాడిన ఆడపడుచు ఫ్లెక్సీలో ‘కుటుంబసభ్యులు’ అనే మాటలో కలిసిపోయింది. నింద పూర్తిగా తొలగింది. బొమ్మ పెరిగినకొద్దీ కథ తగ్గింది.

2020లో కరోనా ఆంక్షలు అంత్యక్రియలకు హాజరయ్యేవారి సంఖ్యను ఇరవైకి పరిమితం చేశాయి. ఆడపడుచులు రాలేకపోయిన ఇండ్లు ఎన్నో. కౌగిలి నిషిద్ధమైనచోట శోకరాగానికి ఆధారం లేదు. ఆ కాలంలో పోయినవారి ఫోటోలు ఫోన్లలో తిరిగాయి, పేర్లు పట్టికలకెక్కాయి. వారి జీవితాలను ఎదుట కూర్చొని చెప్పవలసిన ఘట్టం మాత్రం జరగలేదు. పల్లె స్మృతిపరంపరలో ఈ లోటును ఒక చారిత్రక విచ్ఛేదంగానే గుర్తించాలి.

ముగింపు

శిల మరణాన్ని నిలిపింది. వంశగానం పోషకుని నిలిపింది. క్రతువు బంధుత్వాన్ని, పట్టిక పేరును, ఫ్లెక్సీ ముఖాన్ని నిలిపాయి. జీవితాన్ని చెప్పినది శోకం. అది నిలవలేదు. నిలిచిన వాటినుండే చరిత్ర రాయడం వల్ల గ్రామచరిత్రలలో దాతలు, సర్పంచులు, పోరాటవీరులు మిగిలారు. తక్కినవారు ‘ప్రజలు’ అయ్యారు.

శోకాన్ని సేకరించడం సాధ్యం కాకపోయినా, శోకం పెట్టినవారిని వినడం సాధ్యమే. చావింట కాక, ఏడాది గడిచాక, పెత్రమాసకు బియ్యమిచ్చిన రోజునో, సంక్రాంతికి బట్టలు పెట్టిన రోజునో, వారి అనుమతితో, మాటగానే చెప్పమని అడగవచ్చు. రాగం రాకపోవచ్చు, ఆ రాగంలో ఇమిడిన బావి, బండి, అప్పు, పంపకం వస్తాయి. నిందలో పేర్లు వచ్చినవారు బ్రతికే ఉంటారు గనుక ప్రచురణలో నిగ్రహం తప్పనిసరి. రాగాలు తీయగల తరం ఇప్పుడు వార్ధక్యంలో ఉంది. ఆ స్త్రీలు పోయిననాడు వారికోసం శోకాలు పెట్టగలవారు ఊళ్లో ఎందరు మిగులుతారన్నది ప్రశ్న. కీర్తి శేషించనివారికి కథ అయినా శేషించాలంటే, వినవలసిన కాలం ఇదే.