మీ ఇంటి ఇంటర్నెట్ వేగం ఎంత? మీరే కొలిచి చూసుకోండి

ఇండియాలో ఉన్న అమ్మానాన్నలతో వీడియో కాల్‌లో మాట్లాడుతుంటే మధ్యలో బొమ్మ ఆగిపోతోందా? ఇంటి నుంచి పనిచేసేటప్పుడు మీ మాట అవతలివారికి ముక్కలు ముక్కలుగా వినిపిస్తోందా? ఎక్కువ డబ్బు కట్టి పెద్ద ప్లాన్‌కు మారే ముందు, లోపం ఎక్కడుందో తెలుసుకోండి.

బిట్లు, బైట్లు

అమెరికాలో కంపెనీలు వేగాన్ని సెకనుకు మెగాబిట్లలో చెబుతాయి. ఫైలు దించుకునేటప్పుడు కంప్యూటర్ చాలాసార్లు మెగాబైట్లలో చూపిస్తుంది. ఒక బైటుకు 8 బిట్లు. అందుకే 200 మెగాబిట్ల కనెక్షన్‌లో సెకనుకు 25 మెగాబైట్లకు మించి రాదు.

కొలిచే పద్ధతి

1. ఊక్లా వారి స్పీడ్‌టెస్ట్, నెట్‌ఫ్లిక్స్ వారి ఫాస్ట్ డాట్ కామ్ రెండూ ఉచితమే.
2. ఇంట్లో నడుస్తున్న వీడియోలు, డౌన్‌లోడ్లు, ఆఫీసు వి.పి.ఎన్. ఆపేయండి.
3. లాప్‌టాప్‌ను కేబుల్‌తో రౌటర్‌కు కలిపి ఒకసారి, మీరు పనిచేసే గదిలో వైఫై మీద ఒకసారి కొలవండి.
4. ఉదయం, రాత్రి 9 గంటలకు, ఇలా మూడు రోజులు చూసి అంకెలు రాసి పెట్టుకోండి.

ఫలితాలు ఏం చెబుతాయి?

కేబుల్ మీద బాగా వచ్చి వైఫై మీద తగ్గితే లోపం ఇంట్లోనే ఉంది. రౌటర్‌ను ఇంటి మధ్యకు మార్చండి. దగ్గరి గదుల్లో 5 గిగాహెర్ట్జ్ వాడండి. పెద్ద ప్లాన్ తీసుకున్నా కేబుల్ మీద ప్రతిసారీ 95 దగ్గరే ఆగిపోతుంటే, పాత కేబుల్‌నో 100 మెగాబిట్ల పోర్టునో అనుమానించాలి. రాత్రిపూట మాత్రమే తగ్గితే, మీ వీధిలో అందరూ ఒకే లైను పంచుకోవడం కారణం కావచ్చు.

వీడియో కాల్‌కు డౌన్‌లోడ్ ఒక్కటే చాలదు, అప్‌లోడ్ కూడా ముఖ్యం. ఎఫ్.సి.సి. 2015లో బ్రాడ్‌బ్యాండ్ అంటే 25 డౌన్‌లోడ్, 3 అప్‌లోడ్ అని నిర్ణయించింది. 2024లో దాన్ని 100, 20 మెగాబిట్లకు పెంచింది.

ఇండియా కాల్స్ సంగతి

స్పీడ్ టెస్ట్ మామూలుగా మీకు దగ్గరలోని సర్వర్ వరకే కొలుస్తుంది. న్యూజెర్సీ నుంచి హైదరాబాద్ దాదాపు 13,000 కిలోమీటర్లు. ఫైబర్‌లో కాంతి వేగం సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు. అంటే మాట వెళ్లి జవాబు రావడానికి 130 మిల్లీసెకన్లయినా పడుతుంది. కేబుళ్లు తిన్నగా ఉండవు కాబట్టి నిజానికి ఇంకా ఎక్కువే. ఎంత పెద్ద ప్లాన్ తీసుకున్నా ఈ ఆలస్యం తగ్గదు.

కేబుల్ మీద కూడా వేగం తక్కువగా ఉంటే, రాసుకున్న అంకెలతో కంపెనీకి ఫోన్ చేయండి. వారు పట్టించుకోకపోతే ఎఫ్.సి.సి.కి ఆన్‌లైన్‌లో ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. ఫిర్యాదు అందాక కంపెనీ 30 రోజుల్లో జవాబివ్వాలి.